పాదం నడుమ వెలితి

ఆ రోజు గొడవ కాళ్ళు తుడుచుకునే గోనెపట్టా గురించి.

"నీళ్ళగది ముందర పట్టా యాడికి పోయింది?" మా అత్త పాపక్క వంటింటి గడప పట్టుకుని అడిగింది. "నిన్నా లేదు, మొన్నా లేదు. నల్లబండ తడిస్తే అద్దం మాదిరి జారుతుంది. నా తుంటి ఇరిగితే సంకలో ఎత్తుకుని తిప్పుతావా?"

"ఉతికేసినా అత్తా. ఆరలేదు."

"మూడు దినాలుగా ఆరలేదా? మదనపల్లిలో ఎండ అయిపోయిందా?"

అప్పుడే మా అమ్మాయి భార్గవి స్నానం చేసి తలుపు తీసింది. బయటికి రాలేదు. తలుపు లోపలే ఒంటికాలి మీద నిలబడి, తువ్వాలు కొసతో ఒక పాదం తుడుచుకుంది. తర్వాత రెండోది. రెండూ పొడిగా ఉన్నాయని చూసుకుని అప్పుడు బండ మీద కాలు పెట్టింది.

"అవ్వా, పట్టా మిద్దె మీద ట్యాంకు వెనకాల ఉండాది. బాగా ఆరింది. నేను సూసినా."

"గాలికి పోయుంటుంది" అన్నాను.

"గాలికి పోయి, నాలుగు మడతలు పెట్టుకుని, పైన రాయి పెట్టుకుని కూసునిందా అమ్మా?"

మా అత్త నవ్వింది. "పట్టాకు కూడా దిష్టి తగుల్తుందని దాసిపెట్టింది మీయమ్మ. చదువుకున్నోళ్ళ తెలివి."

మా ఆయన శివకుమార్ అంగడికి బయలుదేరుతున్నాడు. బెంగుళూరు బస్టాండు దగ్గర మాకు స్టీలు సామాన్ల అంగడి. "ఒక గోనెపట్టా కోసం ముగ్గురు ఆడోళ్ళు పంచాయతీ పెట్టినారా?" అంటూ చెప్పుల్లో కాళ్ళు దూర్చి, వంగి, మడమ వెనక పట్టీలు బిగించుకున్నాడు. భార్గవి మిద్దెక్కి పట్టా తెచ్చి, బండ మీద పరిచి, కాలితో సరిచేసింది.

నేను ఆ కాలినే చూశాను. వెంటనే కళ్ళు తిప్పుకున్నాను, ఆ పిల్ల నన్ను చూస్తున్నదని.

పట్టా దాచింది నేనే. అది లేకపోతే నల్లటి కడప బండ మీద తడి అడుగులు పడతాయి. అవి ఆరిపోయేలోపు నేను వాటిని చూడాలి.

* * *

మా అత్తవారిది పుంగనూరు. వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. కోడలిగా రాబోయే పిల్ల తడికాళ్ళతో వీధి గడప నుంచి దేవుడి గూడు దాకా నడవాలి. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళ అడుగు నడుమ నేలకు తగలదు. ముందు ఐదు వేళ్ళు, వెనక గుండ్రంగా మడమ, ఆ రెంటినీ కలుపుతూ బయటి అంచున దారప్పోగంత గీత. మధ్యలో అంతా ఖాళీ. దాన్ని లక్ష్మీపాదం అంటారు. మా మామ ఈశ్వరప్పది అలాంటి కాలు. మా ఆయన అక్క, మా వదిన కమలాక్షిదీ అంతే.

నా అడుగు నిండుగా, జొన్నరొట్టె మాదిరి పడింది. "అయ్యో, ఇవి టమోటా గంపలు మోసే కాళ్ళమ్మా" అంది మా అత్త, అందరి ముందరా. అయినా మా ఆయన నన్నే చేసుకుంటానని పట్టుబట్టాడు. ఇరవై ఏళ్ళుగా పాలు పొంగిపోయినా, వాన కురవకపోయినా, తప్పు నా చదును కాళ్ళదే.

భార్గవి పుట్టినప్పుడు మా అత్త ముందు చూసింది పాదాలనే. పసిపిల్లల పాదాలు ఎవరివైనా చదునుగానే ఉంటాయి. "తల్లి పోలికే" అని పెదవి విరిచింది. భార్గవికి పదకొండో ఏడు వచ్చినప్పుడు ఒక పండగనాడు పుంగనూరు ఇంట్లో తడికాళ్ళతో నడిచింది. ఆ అడుగు చూసి మా అత్త కేక పెట్టింది. "వచ్చింది! మా కాలు వచ్చింది!" పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి పిల్ల చేత తొక్కించి, తెల్లగుడ్డ మీద ముద్ర తీసి, దేవుడి పటం వెనక పెట్టింది. ఆ రోజు నేను కూడా సంతోషపడ్డాను. ఇక నా కాళ్ళ మాట రాదు కదా అని.

ఆ ఇంట్లో ఇంకో అలవాటు కూడా ఉంది. దాన్ని ఎవరూ ఆచారం అనరు. మగవాళ్ళు కొత్త చెప్పులు కొనగానే పుంగనూరు బస్టాండు పక్కన కుట్టేవాడి దగ్గర వెనక పట్టీ వేయిస్తారు. లేకపోతే చెప్పు కాలి నుంచి జారిపోతుంది, జారిపోయినట్టు తెలియదు. మా మామ ఒకసారి సదుం సంతలో ఒక చెప్పుతోనే అరమైలు నడిచాడని ఇప్పటికీ నవ్వుకుంటారు. చివరి రోజుల్లో ఆయన మోకాళ్ళు పైకెత్తి, నీళ్ళలో కొంగ నడిచినట్టు నడిచేవాడు. "వయసు" అన్నారు. అప్పటికి ఆయనకు అరవై కూడా లేవు.

నేను బీయస్సీలో జువాలజీ చదివాను. ఇవన్నీ ఇరవై ఏళ్ళు కళ్ళారా చూశాను. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు.

* * *

పోయిన ఆషాఢంలో కుప్పం నుంచి మా వదిన ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయి కిషోర్ పడ్డాడని. కిషోర్‌కు ఇరవై నాలుగు. రామకుప్పం వైపు రైతుల పొలాలు చూసి పంట నష్టం రాసుకునే ఉద్యోగం. నేనూ మా ఆయనా బస్సెక్కి వెళ్ళాం. వాడు మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. మోకాలికి కట్టు ఉంది, మొహం నిండా నవ్వు ఉంది.

"రాగిచేన్లోకి ఏనుగులొచ్చినాయి అత్తా. అందరూ లగెత్తినారు. నేనూ లగెత్తినా, నా కుడికాలు మాత్రం రాలేదు. ముందర ఈడ్సుకుని మడత పడిపోయింది. పడితే ఏనుగు ఇంత దూరంలో ఉండాది. నన్ను సూసి, ఈడిని తొక్కేదేంది, ఈడే సగం తొక్కినట్టు ఉండాడని జాలిపడి పోయింది."

"నవ్వే మాటలా ఇవి?" మా వదిన కసిరింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

కుప్పంలో చూపిస్తే డాక్టరు మోకాలు వదిలేసి పాదం చూశాడట. బెంగుళూరుకు పంపాడు. అక్కడ నరాలకు సన్నసన్నగా కరెంటు పెట్టి పరీక్ష చేశారు, రక్తం తీసుకున్నారు. నెలన్నర తర్వాత రిపోర్టు వచ్చింది. మేమిద్దరం మళ్ళీ కుప్పం వెళ్ళినప్పుడు కిషోర్ దాన్ని ఫోన్‌లో తెరిచి నాకిచ్చాడు.

"పీఎంపీ టూ అంట ఆ జన్యువు పేరు. నువ్వు చదువుకున్నావు కదా అత్తా, సూడు."

చదివాను. అర్థం కాని చోట వాడు డాక్టరు చెప్పింది చెప్పాడు. కరెంటు తీగకు ప్లాస్టిక్ ఉన్నట్టు నరానికి చుట్టూ ఒక కొవ్వు తొడుగు ఉంటుంది. ఆ తొడుగు చుట్టే కణాల లోపల ఒక చిన్న ప్రోటీను కొవ్వును పట్టుకుని ఎక్కడిది అక్కడ సర్దుతుంది. ఆ ప్రోటీను ఎలా తయారు కావాలో రాసి ఉండేది ఈ జన్యువులో. వీళ్ళకు అందులో ఒక్క అక్షరం మారింది. అందుకని తొడుగు సరిగా నిలవదు, మెదడు పంపిన మాట కాళ్ళకు ఆలస్యంగా చేరుతుంది. పాదాల్లో చిన్న కండరాలు కొన్ని ముందు బలహీనపడతాయి, కొన్ని గట్టిగా లాగుతాయి. పాదం విల్లులాగా వంగుతుంది.

"చావు రాదు అత్తా" అన్నాడు కిషోర్. "చెప్పులు మాత్రం నిలవవు."

మా వదినకు కూడా పరీక్ష చేశారు. ఆమెకూ ఉంది, కాకపోతే తక్కువగా. ఆమెకు వచ్చింది మా మామ నుంచే అయ్యుండాలి. ప్రతి మనిషికీ ఆ జన్యువు రెండు కాపీలు ఉంటాయి. ఒకటి చెడినా చాలు. బిడ్డకు ఆ చెడ్డది పోవచ్చు, మంచిది పోవచ్చు. సగానికి సగం. కాలేజీలో బఠాణీ మొక్కల లెక్క ఎన్నిసార్లు వేశానో. అప్పుడు తప్పు వేస్తే మార్కులు పోయేవి, అంతే.

నేను తలెత్తి మా ఆయన్ని చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

తిరిగి వచ్చే బస్సులో వి.కోట దాటాక నోరు తెరిచాడు. "భార్గవికి చెప్పొద్దు. అమ్మకు చెప్పొద్దు."

"మీరు పరీక్ష చేయించుకోండి. మీకు లేదంటే పాపకు రాదు. ఒక్క పరీక్షతో భయం పోతుంది."

"ఉంటే?"

నేను ఆయన కాళ్ళ వైపు చూశాను.

"మా నాయన ఆ కాళ్ళతోనే అంగడి నడిపినాడు, ఇల్లు కట్టినాడు. నాకేమైంది ఇప్పుడు? బాగానే ఉండాను కదా" అన్నాడు.

ఆయన ఎడమ చీలమండ పక్కన రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ ఉంది. బండి సైలెన్సరు తగిలింది. బొబ్బ చితికి సాక్సుకు రసి అంటినప్పుడు నేను చెబితేనే ఆయనకు తెలిసింది. ఆ మాట అప్పుడు ఆయనకు గుర్తు చేయలేదు. నాకూ భయమే. ఆయన పరీక్ష చేయించుకోనంతవరకూ సగం ఆశైనా మిగిలి ఉంటుంది.

* * *

ఆ తర్వాత నేను పట్టా తీయడం మొదలుపెట్టాను. మొదట్లో పాప స్నానం అయ్యేదాకే తీసి మళ్ళీ వేసేదాన్ని, తర్వాత వేయడమే మానేశాను.

పాదం వంపు చూసి ఏమీ తేల్చలేమని కిషోర్ని చూసిన బెంగుళూరు డాక్టరమ్మ స్పష్టంగా చెప్పిందట. వంపు కాళ్ళ వాళ్ళు లోకంలో చాలామంది, వాళ్ళందరికీ ఈ జబ్బు లేదు. ఆ మాట నాకు తెలుసు. తెలిసి కూడా రోజూ పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, నీళ్ళగది తలుపు చప్పుడు కోసం చెవి అటే వేసేదాన్ని. భార్గవి గదిలోకి పోగానే వచ్చి బండ మీద వంగేదాన్ని. బయటి అంచు గీత వేలు వెడల్పు ఉంటే వంటింటి క్యాలెండరులో ఆ తేదీ కింద చుక్క. అంతకన్నా సన్నగా ఉంటే అడ్డగీత. ఎండ గట్టిగా ఉంటే అడుగు మొదట అంచు నుంచే ఆరిపోతుంది, అప్పుడు గీత సన్నగా కనిపిస్తుంది. అందుకని ఎండరోజుల్లో ఇంకా తొందరగా చూడాలి.

చూడ్డం అక్కడితో ఆగలేదు. మెట్లు ఎక్కేటప్పుడు బొటనవేలు తగులుతుందా? కాలేజీ నుంచి వచ్చాక చెప్పులు ఎక్కడ అరిగాయి? చేతిలో గ్లాసు వణికిందా, తొందరలో ఒలికిందా? ఒకనాడు వీధిలో ఎడమ చెప్పు జారి వెనకే ఉండిపోయింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. నాలుగడుగులు. ఎవరికైనా ఒక అడుగులో తెలుస్తుంది కదా? లేక స్నేహితురాలితో మాట్లాడుతూ పట్టించుకోలేదా? ఆ రాత్రి అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టిలాగా ఉంది.

దేవుడి ముందు నిలబడి నేను కోరుకున్నది ఒకటే. నా కాళ్ళు రావాలి దానికి. టమోటా గంపలు మోసే కాళ్ళు.

కిషోర్‌కు ఫోన్ చేసి నంబరు తీసుకుని, ఆ డాక్టరమ్మతో మాట్లాడాను. "పాపకు నొప్పి గానీ, తడబాటు గానీ ఉందా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే పద్దెనిమిది నిండేదాకా చేయమమ్మా. ముందే తెలుసుకుంటే ఆపగలిగే మందు లేదు ఇప్పటికి. నిండాక ఆ అమ్మాయి ఇష్టం. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఆమెదే."

భార్గవికి జనవరిలో పద్దెనిమిది. నాలుగు నెలలు. డాక్టరమ్మ చెప్పింది న్యాయమే. కానీ ఆ నాలుగు నెలలు రోజూ బండ మీద వంగాల్సింది ఆమె కాదు.

పట్టా గొడవ జరిగిన మర్నాడు, ఆదివారం పొద్దున, భార్గవితో అన్నాను. "రక్తం తక్కువున్నట్టు ఉండావు. పద, పరీక్ష చేయించుకుని వద్దాం."

ఊళ్ళో కొత్తగా రక్తాలు తీసి బయటి ఊళ్ళకు పంపే సెంటరు ఒకటి తెరిచారు. ముందురోజే పోయి కనుక్కుని వచ్చాను. కౌంటరులో ఉన్న అమ్మాయి ఫారం తీసింది.

"వయసు?"

"పద్దెనిమిది" అన్నాను.

భార్గవి నా మొహం వైపు చూసింది.

"పేషెంటు సంతకం ఈడ పెట్టాల" అంటూ ఆ అమ్మాయి ఫారం భార్గవి వైపు తిప్పింది. భార్గవి పెన్ను తీసుకుని, పైనుంచి కింది దాకా చదివింది. హిమోగ్లోబిన్ అనే మాట ఎక్కడా లేదు. నరాల జబ్బుల జన్యు పరీక్ష అని ఉంది. కాగితం మడిచి మళ్ళీ ఇచ్చేసింది.

"అక్కా, మాయమ్మ మర్చిపోయింది. నాకింకా పదిహేడే. పెద్దయినాక వస్తాం."

బయటికి వచ్చాక తను ముందు, నేను వెనక. ఎండ కొడుతోంది. టమోటా బండ్లు మార్కెట్ యార్డు వైపు పోతున్నాయి. నా కళ్ళు నాకు తెలియకుండానే ఆమె మడమల మీదికి పోయాయి. కుడి, ఎడమ, కుడి.

"వెనకనుంచి సూడొద్దమ్మా" అంది తిరగకుండానే. "పక్కకు రా."

పక్కకు వెళ్ళాను.

"కిషోర్ బావ నాకు శ్రావణంలోనే చెప్పినాడు."

నేను తల తిప్పి తన మొహం చూశాను.

"నువ్వు వంగి వంగి బండ సూస్తాంటే నేను కిటికీలోంచి సూస్తాండినా. మొదట్లో ఏమీ అనిపించలేదు. తర్వాత స్నానానికి పోవాలంటేనే భయమేస్తాండాది. నీళ్ళు పోసుకునేటప్పుడు కూడా కాళ్ళే కనపడతాండాయి. బాగుండే కాళ్ళో కాదో నాకు తెలీదు. నీ మొహం సూసి తెలుసుకోవాల్సి వస్తాండాది. నిన్న నీ మొహం బాగలేదు. అయితే నిన్న నా కాలు బాగలేదని అర్థం."



* * *

ఆదివారం అంగడి ఒంటిపూటే. మా ఆయన మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాడు. రాగి సంగటి కెలికి ముద్దలు చేసి పెట్టాను. వంకాయ పులుసు, వేరుశనగల ఊరుబిండి. మా అత్తకు కుర్చీ, మిగతా ముగ్గురం కింద కూర్చున్నాం.

"ముద్దలో ఉండలు కట్టింది" అంది మా అత్త. "మనసు యాడ పెట్టి కెలికినావు?"

"అవ్వా, అమ్మ మనసు నా కాళ్ళ కాడ ఉండాది" అంది భార్గవి. "నీకొకటి చెప్పాల. నాయనా, నీకూ."

మా ఆయన నా వైపు చూశాడు. నేను చెప్పలేదన్నట్టు తల ఊపాను.

భార్గవి చెప్పింది. తాత నుంచి మొదలుపెట్టి కమలాక్షి అత్త, కిషోర్ బావ, అక్షరం మారిన జన్యువు. ఎక్కడా గొంతు పెంచలేదు. మా అత్త మొదట "ఏం మాటలే ఇవి, లక్ష్మీపాదాన్ని పట్టుకుని" అంది. తర్వాత కుర్చీ కింద ఉన్న తన కాళ్ళు చూసుకుంది. అవి పుంగనూరు ఇంటికి బయటినుంచి వచ్చిన కాళ్ళు. అప్పుడు, "మీ తాత సదుంలో చెప్పు పోగొట్టుకున్నప్పుడు నేను అందరికంటే గట్టిగా నగినా" అంది.

"నాయనా" అంది భార్గవి. "నువ్వు పరీక్ష చేయించుకోవాల. నాకోసం కాదు. నీ కాలు మొన్న కాలితే నీకు తెలీలేదు. రేపు మేకు దిగినా తెలీదు. బూట్లు, ఎక్సర్‌సైజులు, ఏవో ఉండాయంట. కిషోర్ బావ చేస్తాండాడు."

మా ఆయన చేతిలో ముద్ద పులుసులో ముంచినట్టే ఉంది. పులుసు మణికట్టు మీదికి కారుతోంది. దాన్ని ఆయన చూడలేదు. నేను చూశాను.

"నాకు లేదంటే నీకు రాదు" అన్నాడు చివరికి. "ఉంటే..."

"అదే చెప్తాండా. రిపోర్టు వచ్చినాక నాకు చెప్పొద్దు. లేదని వచ్చినా చెప్పొద్దు. లేకపోతే చెప్పి, ఉంటే చెప్పకపోతే, చెప్పనప్పుడే నాకు తెలిసిపోతుంది. జనవరిలో నాకు పద్దెనిమిది వస్తాయి. ఆ తర్వాత ఎప్పుడో ఒకనాడు నేనే వచ్చి అడుగుతా. అడక్కపోవచ్చు కూడా."

"సరేమ్మా" అన్నాను. "మేము చెప్పం."

భార్గవి నా వైపు తిరిగింది. ఆ పిల్ల మొహంలో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"నీకు కూడా తెలీకూడదమ్మా. నీకు తెలిస్తే నీ మొహంలో పడుతుంది, బండ మీద అడుగు పడినట్టు. నేను దాన్ని రోజూ సూడాల. నాయన ఒక్కడే పోవాల, ఒక్కడే తెచ్చుకోవాల, అంగడి బీరువాలో పెట్టుకోవాల. క్యాలెండరు కూడా మారుస్తాండా. ఆ చుక్కలు, గీతలు ఏందో నాకు తెలుసు."

మా అత్త కుర్చీలోంచి వంగి, తన కంచంలోని ముద్ద సగం తుంచి భార్గవి కంచంలో వేసింది.

మా ఆయన చేతిలోని సంగటి కంచంలో పెట్టేశాడు. నా వైపు ఒకసారి చూశాడు. నేను వద్దంటానేమో, లేదా నాకు మాత్రం రహస్యంగా చెప్పమని కళ్ళతో అడుగుతానేమో అని. నేను చూపు దించుకున్నాను. దించుకుంటే ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్న కూతురి పాదాలు కనిపించాయి. కళ్ళు మూసుకున్నాను.

"రేపు అంగడి తెరవను" అన్నాడాయన. "పొద్దున బస్సుకు బెంగుళూరు పోతా. నేనొక్కణ్ణే పోతా."